వాలును చూసి అగ్నిపర్వతం రకాన్ని గుర్తించడం ఎలా?

అగ్నిపర్వతం ఏ రకానిదో ఫొటోను చూసి తేల్చాలనుకుంటే ముందుగా దాని వాలును గమనించాలి; ఎత్తు ఈ విషయంలో పెద్దగా ఉపయోగపడదు. భూమి లోపలి నుంచి వచ్చే శిలాద్రవం ఎంత జిగటగా ఉంది, అందులో ఎంత వాయువు చిక్కుకుని ఉంది అనే రెండు అంశాలే పర్వతం ఆకారాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. సిలికా (ఇసుకలో ఎక్కువగా ఉండే పదార్థం) సుమారు 50 శాతం ఉండే బసాల్ట్ శిలాద్రవం పలుచగా పారుతుంది. సిలికా 60 శాతానికి చేరేసరికి జిగట బాగా పెరిగి, వాయువులు తేలికగా బయటపడలేక పేలుడుకు దారితీస్తాయి.

వాలు పది డిగ్రీలకు లోపే ఉండి, పర్వతం విశాలంగా పరుచుకుని కనిపిస్తే అది కవచ అగ్నిపర్వతం. హవాయిలోని మౌనా లోవా సముద్రమట్టానికి 4,169 మీటర్ల ఎత్తున్నా, దూరం నుంచి చూసేవారికి పొడవాటి గట్టులాగే కనిపిస్తుంది. పలుచని లావా దూరం పారి, పొర మీద పొరగా గట్టిపడటమే దీనికి కారణం.

పైకి వెళ్లేకొద్దీ వాలు నిటారుగా మారితే అది మిశ్రమ అగ్నిపర్వతం కావచ్చు. 3,776 మీటర్ల ఎత్తున్న జపాన్ ఫుజీ పర్వతం ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. లావా, బూడిద, రాతి ముక్కలు విడతలవారీగా పేరుకుని ఈ పర్వతాలు ఏర్పడతాయి. ఇవి ఎక్కువగా ఒక భూఫలకం (భూమి పైపొరలోని భారీ పలక) మరో దాని కిందికి దిగే చోట్ల ఉంటాయి. కిందికి దిగిన ఫలకం రాపిడికి కరిగిపోయి శిలాద్రవమవుతుందని చాలామంది అనుకుంటారు గానీ, అసలు పని చేసేది నీరు: దిగుతున్న ఫలకంలోని ఖనిజాల నుంచి విడుదలైన నీరు పైనున్న ప్రావారపు (భూపటలానికి కింది పొర) శిలలోకి చేరి, అది కరిగే ఉష్ణోగ్రతను తగ్గించడంతో శిలాద్రవం పుడుతుంది. 1980 మే 18న అమెరికాలోని సెయింట్ హెలెన్స్ పర్వతం పేలి, దాని ఎత్తు 2,950 మీటర్ల నుంచి సుమారు 2,549 మీటర్లకు తగ్గింది. ఆ తరువాత దాని బిలంలోనే, పారలేనంత జిగట లావా అక్కడికక్కడే పోగుపడి గుమ్మటంలా పెరిగింది; దీన్ని లావా గుమ్మటం అంటారు.

చిన్నగా, శిఖరం దగ్గర గిన్నెలాంటి బిలంతో, కళ్లంలో పోసిన ధాన్యం రాశిలా 30 డిగ్రీలకు పైబడిన సమవాలుతో ఉంటే అది సిండర్ శంకువు, అంటే ఎగజిమ్మిన లావా ముక్కలు కుప్పపడిన గుట్ట. మెక్సికోలో 1943 ఫిబ్రవరిలో ఒక మొక్కజొన్న చేనులో పుట్టిన పరికుటిన్ 1952లో చల్లారేనాటికి సుమారు 424 మీటర్ల ఎత్తుకు చేరింది.

బిలం వెడల్పు కిలోమీటరు దాటితే అది కాల్డెరా అయ్యే అవకాశం ఎక్కువ. విస్ఫోటంలో పర్వతం కింద శిలాద్రవం ఉండే గది ఖాళీ కాగా, దాని పైకప్పు కుంగిపోయి ఇది ఏర్పడుతుంది. ఫిలిప్పీన్స్‌లోని పినటూబోపై 1991లో సుమారు రెండున్నర కిలోమీటర్ల కాల్డెరా ఇలాగే వచ్చింది.

ఒకే పర్వతంలో రెండు మూడు రకాలు కలిసి ఉంటే కంగారు పడనవసరం లేదు. అండమాన్ సముద్రంలోని బ్యారన్ దీవి మిశ్రమ అగ్నిపర్వతం. దానికి సుమారు రెండు కిలోమీటర్ల కాల్డెరా, ఆ కాల్డెరా మధ్య ఒక సిండర్ శంకువు ఉన్నాయి. పడమటి గోడ తెగిన చోటు నుంచి లావా సముద్రంలోకి పారింది. ఇలాంటి చోట ఒక్క పేరుతో సరిపెట్టకుండా ఒక్కో భాగాన్ని విడిగా చెప్పడమే మేలు.

పర్వతమే కనిపించని సందర్భమూ ఉంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట నేల పగుళ్ల నుంచి పొంగిన బసాల్ట్ దక్కన్ పీఠభూమిని కప్పింది. తెలంగాణలో వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల వరకు ఆ పొరలున్నాయి. అక్కడ శంకువు కోసం వెతికి లాభం లేదు. మెట్లు మెట్లుగా ఉండే బల్లపరుపు గుట్టలను, ఒకప్పటి వాయుబుడగల రంధ్రాలున్న నల్లరాతిని, ఆ రంధ్రాలలో నిండిన తెల్లని ఖనిజాలను చూడాలి.