రాట్‌వీలరా, షెపర్డా అని అడిగే ముందు

మాది విజయవాడ పక్కన కంకిపాడు. ఊళ్లకు వెళ్లేవాళ్లు తమ కుక్కల్ని వదిలి వెళ్లే బోర్డింగ్ నడుపుతున్నాను. సంక్రాంతికి, దసరాకి మా షెడ్డులో ఒక్క గది ఖాళీ ఉండదు. ఈ పనిలో ఉన్నానని తెలిసి, కుక్కను కొనాలనుకునేవాళ్లు ఫోన్ చేస్తుంటారు. "అక్కా, రాట్‌వీలర్ మంచిదా, షెపర్డ్ మంచిదా? పిల్ల ఎంతలో వస్తుంది?" అని మొదలుపెడతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: పొద్దున్నే ఐదున్నరకి లేచి దాన్ని తిప్పేది ఎవరు? ఒక మనిషి పేరు చెప్పండి. "అందరం చూసుకుంటాం అక్కా" అన్నారంటే ఆ ఇంట్లో అమ్మే చూసుకుంటుందని నాకు అర్థమైపోతుంది.

మనం పెద్ద కుక్కలని మోజుపడేవన్నీ ఒక పని కోసం తయారుచేసిన జాతులు. జర్మన్ షెపర్డ్‌కి ఒక రూపు ఇచ్చింది మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే సైనికాధికారి. 1899లో ఆ జాతి సంఘం పెట్టినప్పుడు ఆయనకు కావలసింది రోజంతా గొర్రెల మంద చుట్టూ తిరిగినా అలిసిపోని కుక్క. రాట్‌వీలర్ అయితే జర్మనీలోని రాట్‌వీల్ పట్టణం చుట్టుపక్కల పశువులను తోలుకుపోయేది, కసాయివాళ్ల బళ్లు లాగేది. ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న బెల్జియన్ మాలినోయిస్ కూడా మందలు కాసినదే. పోలీసులు, కమాండోలు దాన్ని ఎందుకు ఎంచుకుంటారంటే, పని ఆపమంటే దానికి కోపం వస్తుంది కాబట్టి. మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకు శిక్షణ ఇచ్చేచోట ప్రతి కుక్కకీ ఒక మనిషి ఉంటాడు, అతని ఉద్యోగమే ఆ కుక్క. మన ఇంట్లో ఆ ఉద్యోగం ఎవరిది?

పని లేకపోతే ఇలాంటి కుక్క ఊరికే కూర్చోదు, ఏదో ఒక పని కల్పించుకుంటుంది. మా దగ్గరికి ఒక ఫ్లాట్ నుంచి వచ్చే మాలినోయిస్ ఉంది. వదిలిన గంటకల్లా కంచె వెంబడి ఒకే దారిలో తిరగడం మొదలుపెడుతుంది. మూల దగ్గర ప్రతిసారీ ఒకే కాలు మీద గిర్రున మళ్లుతుంది. సాయంత్రానికి అక్కడ గడ్డి పోయి మట్టి తేలుతుంది. ముందుకాళ్లు నాకి నాకి ఒకచోట వెంట్రుకలు ఊడిపోయాయి. జబ్బేమీ లేదని డాక్టరుగారు చెప్పారు. ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఖరీదైన తిండే పెడుతున్నారు. రోజుకు పదిహేను నిమిషాలు కిందికి తీసుకెళ్లి వస్తారు, అంతే. ఇలాంటి జాతికి పొద్దున ఓ ముప్పావుగంట, సాయంత్రం ఇంకో ముప్పావుగంట, మధ్యలో బుర్రకు పదునుపెట్టే ఆటలు కావాలి. అది మీ వల్ల కాదనుకుంటే మాలినోయిస్ మాట మర్చిపోండి. షెపర్డ్ కాస్త సర్దుకుంటుంది. రాట్‌వీలర్ ఇంకొంచెం బద్ధకంగా ఉంటుంది కానీ దాని చిక్కు వేరే.

ఆ చిక్కు బరువు. మగ షెపర్డ్ 30 నుంచి 40 కిలోలు తూగుతుంది. మగ రాట్‌వీలర్ 50 దాకా వెళ్తుంది, అంటే రెండు బియ్యం బస్తాలు నాలుగు కాళ్ల మీద పరుగెత్తుతున్నట్టు. ఎదురుగా పిల్లి కనబడితే ఆ గొలుసు పట్టుకున్న చెయ్యి ఎవరిది? మీరు ఆఫీసులో ఉన్నప్పుడు మీ అత్తగారు గేటు తీయాల్సి వస్తే? ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్నవాళ్లు దాన్ని ఆపగలరా అన్నది చూసుకోవాలి, అందరికంటే బలమైనవాళ్ల సంగతి కాదు.

ఇంకో లెక్క. ఈ కుక్కలు పదేళ్లు, అటూ ఇటూగా బతుకుతాయి. కుక్క కావాలని గొడవచేసే అబ్బాయి ఇప్పుడు ఇంటర్ చదువుతుంటే, అది నడివయసుకు వచ్చేసరికి అతను ఎమ్మెస్‌కి అమెరికాలో ఉంటాడు. మా బోర్డింగ్‌కి వచ్చే కుక్కల్లో ఇలా మిగిలిపోయినవే ఎక్కువ. కొడుకు వీడియో కాల్‌లో పేరు పెట్టి పిలుస్తాడు, మోకాళ్ల నొప్పులతో తల్లి నడిపిస్తుంటుంది. తీసుకెళ్లిపోదామంటే అదీ తేలిక కాదు. 2024 ఆగస్టు నుంచి మన దేశంలాంటి రేబిస్ ముప్పు ఎక్కువున్న చోట్ల నుంచి అమెరికాకు వెళ్లే కుక్కలకు మైక్రోచిప్, చిప్ వేశాకే వేయించిన రేబిస్ టీకా, వాటి కాగితాలు అన్నీ పక్కాగా ఉండాలి. పైగా ఇంత పెద్ద కుక్క కార్గోలోనే వెళ్లాలి.

ఇక మన ఎండలు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి చల్లబడే దారి. రెంటచింతలలోనో రామగుండంలోనో అయితే ఎండ మాడుస్తుంది. మా కృష్ణా జిల్లా వైపు ఉక్క ఎక్కువ. గాలిలో తేమ ఉంటే ఎంత రొప్పినా నాలుక మీద తడి ఆరదు, ఒళ్లు చల్లబడదు. కూలర్ కూడా ఆ ఉక్కలో పెద్దగా పనిచేయదు. కొనేముందు మే నెల మధ్యాహ్నం రెండింటికి, కరెంటు పోయినప్పుడు అది ఎక్కడ పడుకుంటుందో మీ ఇంట్లో ఆ చోటు చూపించండి. రేకుల షెడ్డు, మేడమీద గది ఆ చోట్లు కావు. వాకింగ్ సూర్యుడు పైకి రాకముందే అయిపోవాలి. సాయంత్రం రోడ్డు మీద చెయ్యి వెనక్కి తిప్పి ఐదు సెకన్లు ఆనించండి. మీకు కాలితే దానికీ కాలుతుంది. ఎండాకాలం వచ్చిందని షెపర్డ్‌కి గుండు గీయించేవాళ్లున్నారు, అది వద్దు. ఆ రెండు వరసల బొచ్చే ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుంది, రాలిన బొచ్చు దువ్వి తీస్తే చాలు. కుక్క ఒంటి మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 105 దాటి, తూలుతూ, చొంగ కారుస్తుంటే మామూలు నీళ్లతో తడిపి ఫ్యాన్ పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

తిండి ఖర్చు చాలామంది పిల్లను చూసి లెక్కేస్తారు. పెద్దయ్యాక 35 కిలోల కుక్కకు రోజుకు సుమారు 400 గ్రాముల డాగ్ ఫుడ్ పడుతుంది, నెలకు 12 కిలోలు. మీకు నచ్చిన కంపెనీది 12 కిలోలు ఎంతవుతుందో కనుక్కుని 12 నెలలకు గుణించుకోండి. ఇంట్లో వండి పెడతామంటే పెట్టొచ్చు. కానీ నూకలన్నంలో నాలుగు చికెన్ కాళ్లు వేసి పెడితేనో, పెరుగన్నంతో సరిపెడితేనో ఈ కుక్క కండ పట్టదు. మాంసం, గుడ్డు ఎంతెంత ఉండాలో డాక్టర్ని అడిగి రాయించుకోండి. ఉడికించిన ఎముకలు పేగుల్లో గుచ్చుకుంటాయి. మన కూరల్లో ఉండే ఉల్లి, వెల్లుల్లి దాని రక్తాన్ని పాడుచేస్తాయి.

అన్నిటికంటే నాకు చిరాకు తెప్పించేది కాల్షియం టానిక్. పిల్లను అమ్మినవాడే "ఎముక బలంగా రావాలి, చెవులు నిలబడాలి" అని సీసా చేతిలో పెడతాడు. పెద్ద జాతి పిల్లల కోసం చేసిన తిండిలో కాల్షియం కొలిచే వేస్తారు. దాని మీద ఇంకా పోస్తే ఎముకలు పెరగాల్సిన తీరులో పెరగవు, కీళ్లు దెబ్బతింటాయి. చిన్నప్పుడు బొద్దుగా చేయడం కూడా అంతే. పక్కటెముకలు చేతికి తగిలేంత సన్నగా, నెమ్మదిగా పెరగనివ్వాలి. ఏడాదిన్నర వచ్చేదాకా రోజుకు నాలుగంతస్తుల మెట్లు ఎక్కించి దించడం, ఎత్తు మీది నుంచి దూకించడం వద్దు. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటే ఈ ఒక్క కారణం చాలు, మానుకోవడానికి.

ఇప్పుడు పిల్లను చూడటానికి వెళ్దాం. "డబుల్ బోన్, డబుల్ కోట్, ఛాంపియన్ లైన్" అన్నవి వాట్సాప్‌లో ఫోటోతో పాటు వచ్చే మాటలు. డబుల్ బోన్ అని లోకంలో ఏదీ లేదు. ఫోటో చూసి అడ్వాన్స్ పంపొద్దు. బస్సు పార్సిల్లో పిల్లను తెప్పించుకోవద్దు. మీరే వెళ్లండి, వెళ్లి మొదట తల్లిని చూపించమనండి. "తల్లి వేరే ఊళ్లో ఉంది" అంటే మాట్లాడకుండా తిరిగి రండి. తల్లి మీ దగ్గరికి ఎలా వస్తుందో చూడండి. ఒక మూలకి నక్కి గుర్రుమంటూ ఉంటే ఆ భయం పిల్లల్లోనూ దిగుతుంది. నేల వాసన చూడండి. పిల్లల్ని కింద వదలమని చెప్పి వెనక కాళ్లు గమనించండి, కుందేలులా రెండూ కలిపి గెంతుతుంటే తుంటి కీళ్లను అనుమానించాలి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి, పాలిపోయి ఉంటే నులిపురుగులో, గోమార్ల (కొన్నిచోట్ల పిడుదులంటారు) జ్వరమో. పొట్ట మాత్రమే ఉబ్బి ఒళ్లు బక్కగా ఉంటే పురుగుల మందు వేయలేదన్నమాట. తాళాల గుత్తి కింద పడేయండి. ఉలిక్కిపడి మళ్లీ వాసన చూడటానికి వచ్చే పిల్ల మంచిది. అస్సలు రానిదీ, అందరినీ తోసుకుంటూ వచ్చి పంట్లాం కొరికేదీ మొదటిసారి పెంచేవాళ్లకి వద్దు.

కాగితాల మాట. 2017 కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నెల పిల్లను చేతిలో పెట్టి "పాలపొడి కలిపి పట్టండి" అనేవాడు చట్టం తప్పుతున్నట్టే. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉంటే తల్లిదండ్రులెవరో తెలుస్తుంది కానీ ఆరోగ్యం గురించి అది ఏమీ చెప్పదు. అందుకు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే అడగాలి. షెపర్డ్, రాట్‌వీలర్ రెండిటికీ తుంటి కీలు సరిగ్గా కూర్చోని జబ్బు వంశంలో వస్తుంది. మన దగ్గర ఎక్స్‌రే చూపించే బ్రీడర్లు తక్కువే. అయినా అడగండి, అడిగినప్పుడు మొహం ఎలా పెడతాడో చూస్తే సగం తెలిసిపోతుంది.

రాట్‌వీలర్ లాంటి జాతులకు ఇంకో తలనొప్పి ఉంది. 2024 మార్చిలో కేంద్రం రాట్‌వీలర్, పిట్‌బుల్, కేన్ కోర్సో వగైరా 23 రకాలకు లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా డబ్బు కట్టే ముందే మీ మున్సిపాలిటీకి వెళ్లి ఈ జాతికి లైసెన్సు ఇస్తున్నారా అని అడగండి. జీహెచ్ఎంసీ పరిధిలో పెంపుడు కుక్కకు లైసెన్సు తప్పనిసరి. అపార్టుమెంటు సంఘం కుక్కల్ని మొత్తంగా నిషేధించలేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ అద్దె ఇంటి యజమాని సంగతి వేరు, ఆయన మాట ముందే అగ్రిమెంటులో రాయించుకోండి. మీ నిర్లక్ష్యం వల్ల కుక్క ఎవరి మీదైనా పడితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు, ఐదువేల జరిమానా దాకా ఉంది.

డాక్టర్ని కుక్క వచ్చాక వెతుక్కోవద్దు. మన ఊళ్లలో పశువుల ఆస్పత్రులంటే గేదెలకు, ఆవులకు అలవాటుపడినవి. పెద్ద కుక్కకు మత్తిచ్చి ఆపరేషన్ చేసే సదుపాయం రాత్రిపూట ఎక్కడుందో కనుక్కోండి. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలల ఆస్పత్రులున్నాయి, అక్కడికి ఎన్ని గంటల ప్రయాణమో లెక్కేసుకోండి. ఎందుకు చెబుతున్నానంటే, ఛాతీ లోతుగా ఉండే ఈ జాతుల్లో కడుపు ఉబ్బి మెలిపడే జబ్బు వస్తుంది. వాంతికి ప్రయత్నిస్తుంది, ఏమీ రాదు, పొట్ట డోలులా బిగుస్తుంది. గంటల్లో ప్రాణం పోతుంది. తిండి రెండు పూటలుగా పెట్టి, తిన్న వెంటనే పరుగెత్తనివ్వకపోతే ముప్పు కొంత తగ్గుతుంది. ఇక గోమార్లు మన వాతావరణంలో ఏడాది పొడవునా ఉంటాయి. వాటి మందు ఖర్చు కూడా నెల బడ్జెట్‌లో కలపండి.

"కాపలా కోసమే అక్కా" అనేవాళ్లకి ఒక మాట. పొలం దగ్గరో, ఖాళీ స్థలంలోనో గొలుసుతో కట్టేసి ఉంచడానికి అయితే ఈ జాతులు వద్దే వద్దు. రోజంతా కట్టేసిన కుక్క కాపలా కాయదు, పిచ్చెక్కి పాలవాణ్ణీ గ్యాసు అబ్బాయినీ కరుస్తుంది. అలికిడి అయితే అరవడమే కావాలంటే నాటు కుక్క పిల్ల చాలు. ఎండకి తట్టుకుంటుంది, తిండి తక్కువ, చెవులు చురుకు. అటాక్ ట్రైనింగ్ ఇప్పిస్తామనే ట్రైనర్ల జోలికి పోకండి. పిల్లకు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా చూసినవన్నీ మామూలు విషయాలుగా మనసులో పడతాయి. టీకాలు పూర్తికాకుండా వీధిలో దింపకూడదు కాబట్టి చంకనెత్తుకుని తిప్పండి. హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, లుంగీ కట్టుకున్న తాతయ్య, ఆటో హారను, గుడి డప్పులు, కుక్కర్ విజిల్, పసిపిల్లల ఏడుపు అన్నీ చూపించండి, వినిపించండి. పెద్దయ్యాక నేర్పే శిక్షణ కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

ఇదంతా విన్నాక కూడా కావాల్సిందే అంటే, రెండు మూడేళ్ల కుక్కను తీసుకోవడం గురించి ఆలోచించమంటాను. విదేశాలకు వెళ్లిపోయేవాళ్లు, ఇల్లు మారేవాళ్లు మంచి కుక్కల్ని ఇచ్చేస్తుంటారు. దాని స్వభావం, సైజు, తుంటి కీళ్లు అన్నీ కళ్లముందే ఉంటాయి, పిల్లలో అయితే అది లాటరీ. ఇంటిల్లిపాదీ కనీసం రెండుసార్లు వెళ్లి, రోడ్డు మీద మీరే నడిపించి చూడండి. ఎందుకు ఇచ్చేస్తున్నారని పక్కింటివాళ్లని కూడా అడగండి. టీకాల పుస్తకం, చిప్ నంబరు, కెన్నెల్ క్లబ్ కాగితాలుంటే పేరు మార్పు పత్రం అదే రోజు తీసుకోండి. ఇంటికి వచ్చాక మొదటి వారం స్నానం చేయించొద్దు, చుట్టాల్ని పిలవొద్దు, పాత ఇంట్లో తినే తిండే అదే గిన్నెలో పెట్టండి. మెడ బెల్టు రెండు వేళ్లు దూరేంత బిగువుగా ఉంచి, గేటుకు రెండో గొళ్లెం ముందే వేయించండి. కొత్త చోటు నుంచి పారిపోయే కుక్కలు ఎక్కువగా పారిపోయేది ఆ మొదటి రోజుల్లోనే.