ఎండలు ముదరకముందే: పక్షవాతం చూసిన కుటుంబాలకు జాగ్రత్తలు

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తరలివచ్చే కాలంలోనే వరంగల్‌లో ఎండలు ముదురుతాయి. చెమటతో ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది కనుక, ఇంట్లో ఎవరికైనా గతంలో పక్షవాతం వచ్చి ఉంటే, ఏప్రిల్ రాకముందే పాత డిశ్చార్జి కాగితమూ సీటీ స్కాన్ రిపోర్టూ వెతికి, అప్పుడు మెదడులో రక్తనాళం మూసుకుపోయిందో, చిట్లిందో తెలుసుకోవాలి.

ఆ రకం ఎందుకు తెలియాలంటే, తల్లిదండ్రుల నుంచి సంక్రమించే జన్యు తేడాలు అన్ని రకాల పక్షవాతానికీ ఒకే తీరుగా దారితీయవు. పీఐటీఎక్స్2 జన్యువు దగ్గరి తేడాలు గుండె లయ తప్పడానికి, తద్వారా గుండెలో గడ్డ కట్టి మెదడుకు చేరడానికి సంబంధించినవి. హెచ్‌డీఏసీ9 జన్యువు దగ్గరివి పెద్ద ధమనులు పూడుకుపోవడానికి. ఏపీఓఈ జన్యువులోని రెండు రూపాలు మెదడు పైభాగంలో రక్తస్రావానికి. అయితే ఇవి ఒక్కొక్కటీ ముప్పును కొద్దిగానే పెంచుతాయి. రక్తనాళం మూసుకున్నా చిట్లినా ప్రధాన కారణం అధిక రక్తపోటే కాబట్టి, ఖరీదైన జన్యు పరీక్షల కంటే ముందు బీపీ, షుగర్ చూపించుకోవడం, గుండె దడ ఉన్నవారు ఈసీజీ తీయించుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. బీపీ మాత్రలు సొంతంగా మానకూడదు. ఎండకాలంలో కళ్లు తిరుగుతుంటే మోతాదు గురించి డాక్టరునే అడగాలి. చిన్న వయసులోనే ఒకే ఇంట్లో పలువురికి పక్షవాతం వస్తే మాత్రం న్యూరాలజిస్టును కలవాలి.

ఎర్ర రక్తకణాలను దెబ్బతీసే జన్యు వ్యాధి సికిల్ సెల్ సంగతి వేరు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున లోపమున్న జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చిన పిల్లలకు పసితనంలోనే పక్షవాతం రావచ్చు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతాల ఆదివాసీ కుటుంబాలలో ఈ వ్యాధి ఉంది కాబట్టి అక్కడి తల్లిదండ్రులు పిల్లలకు రక్తపరీక్ష చేయించాలి. వ్యాధి ఉన్నట్టు తేలితే, 2 నుంచి 16 ఏళ్ల వరకు ఏటా మెదడు రక్తనాళాలకు, రక్తం పారే వేగాన్ని చూసే డాప్లర్ స్కాన్ అవసరం. నీరు తగ్గితే రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోతాయి కనుక, ఈ పిల్లలను మిట్టమధ్యాహ్నం బయట తిప్పకుండా, దాహం వేయకముందే నీళ్లు తాగించాలి.

మూతి వంకరపోయినా, ఒకవైపు చేయి పడిపోయినా, మాట తడబడినా, అది మొదలైన సమయం రాసిపెట్టుకొని వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే ఇంజక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపే ఇవ్వగలరు. పసరు మందు పోయించడానికి ఊళ్లు తిరగవద్దు, నోట్లో నీళ్లు కూడా పోయవద్దు. ఆస్పిరిన్ మింగించడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే నాళం చిట్లి ఉంటే దానివల్ల రక్తస్రావం పెరుగుతుంది. స్కాన్ తీసే వరకు ఏ రకమో డాక్టరుకైనా తెలియదు.