పురుటికి పుట్టింటికి వెళ్లే ముందు: హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులు, వారి కుటుంబాలు తీసుకోవలసిన జాగ్రత్తలు

మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని తీసుకువెళతారు, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక అత్తింటికి పంపుతారు. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకే ప్రమాదం కూడా గర్భం చివరి వారాల్లో, కాన్పు సమయంలో, పాలిచ్చే నెలల్లోనే ఎక్కువ. అంటే అలవాటైన ఆసుపత్రినీ, మందులిచ్చే కేంద్రాన్నీ వదిలి ఊరు మారే కాలమే ఎక్కువ జాగ్రత్త అవసరమైన కాలం. ఏ చికిత్సా లేకపోతే 100 మంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి వైరస్ సోకే అవకాశం ఉంది. తల్లి నాగా లేకుండా, వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడి, బిడ్డకు కూడా మందు పోస్తే అది 5 మంది లోపుకు తగ్గుతుంది.

గర్భం నిర్ధారణ కాగానే జరిగే తొలి పరీక్షల్లోనే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించుకోవాలి. సలహాలిచ్చి పరీక్ష చేసే ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంటాయి. భార్యకు లేదని తేలితే భర్త పరీక్ష అక్కర్లేదనుకోవడం చాలా కుటుంబాలు చేసే పొరపాటు. గర్భంతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో కొత్తగా వైరస్ సోకితే ఆ తొలి వారాల్లో రక్తంలో దాని సంఖ్య విపరీతంగా ఉంటుంది, బిడ్డకు సోకే ప్రమాదమూ అంతే ఎక్కువ. అందువల్ల భర్త కూడా పరీక్ష చేయించుకోవాలి; ఆయనకు హెచ్‌ఐవీ ఉండి భార్యకు లేకపోతే, ఆయన వెంటనే చికిత్స మొదలుపెట్టడంతో పాటు గర్భకాలమంతా, పాలిచ్చినంత కాలం కండోమ్ తప్పనిసరిగా వాడాలి.

ప్రయాణం ఖాయమైతే, కనీసం రెండు వారాల ముందే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లి ఏ ఊరు వెళుతున్నారో, ఎన్ని నెలలు ఉంటారో చెప్పాలి. పుట్టింటికి దగ్గరలో ఉన్న కేంద్రానికి కాగితాలు రాసి ఇస్తారు, మధ్యలో మందులు అయిపోకుండా సర్దుతారు. గర్భం 32 నుంచి 36 వారాల మధ్య, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేందుకు చేసే వైరల్ లోడ్ పరీక్ష కాన్పుకూ బిడ్డ మందుకూ సంబంధించిన నిర్ణయాలకు ఆధారం. అది ఏ ఊళ్లో చేయించుకోవాలో కూడా అప్పుడే అడిగి తెలుసుకోవాలి. చికిత్స పుస్తకమూ, మాతాశిశు సంరక్షణ కార్డూ చేతిసంచిలోనే ఉండాలి.

మందుల విషయంలో ఎక్కువ మందికి తెలియని సంగతి ఒకటుంది. ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్న ఏఆర్‌టీ మాత్రలో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. గర్భిణులకు ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలను దానితో కలిపి పరగడుపున మింగితే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలకు 2 గంటల ముందు గానీ, అవి వేసుకున్న 6 గంటల తర్వాత గానీ ఏఆర్‌టీ మాత్ర వేసుకోవాలి. అన్నీ ఒకేసారి మింగక తప్పకపోతే భోజనంతో పాటే వేసుకోవాలి.

సీమంతం హడావిడిలో, బంధువుల మధ్య, ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో మాత్ర మానేసే అమ్మాయిలు ఉన్నారు. వారిని తప్పుపట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ఆ భయం వెనుక మనమంతా ఉన్నాం. అయినా, తల్లికో అక్కకో వదినకో, నమ్మదగిన ఒక్కరికైనా విషయం చెప్పుకుంటే మందు వేళ గుర్తుచేసే మనిషి, రాత్రివేళ 108కు ఫోన్ చేసే మనిషి ఇంట్లో ఉన్నట్టవుతుంది. ఎవరికి చెప్పాలన్నది మాత్రం పూర్తిగా ఆమె నిర్ణయం. ఆమె సమ్మతి లేకుండా ఆ వివరాలు బయటపెట్టడాన్నీ, హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించడాన్నీ 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది.

కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. విషయాన్ని వైద్యులకు ముందే చెబితే బిడ్డ మందు సిద్ధంగా ఉంటుంది. హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన సిజేరియన్ తప్పదన్న మాట నిజం కాదు.

బిడ్డ పుట్టగానే, వీలైనంత త్వరగా, వైద్యులు చెప్పిన మోతాదులో నెవిరపిన్ సిరప్ మొదలుపెట్టాలి. సాధారణంగా ఇది 6 వారాలు. తల్లికి చికిత్స ఆలస్యంగా మొదలైనా, వైరస్ అదుపులో లేకపోయినా మరింత కాలం పోయవలసి రావచ్చు, మరో మందు కూడా జత చేయవచ్చు. ఇక పాల సంగతి. తల్లి మందులు వాడుతూ ఉంటే ముర్రుపాలతో మొదలుపెట్టి 6 నెలల పాటు తల్లిపాలే ఇవ్వాలి. తేనె నాకించడం, ఉగ్గు పెట్టడం, వస అరగదీసి పోయడం, పంచదార నీళ్లు, మధ్యమధ్య డబ్బాపాలు, ఇవన్నీ పెద్దలు ప్రేమతో చేసే పనులే. కానీ లేత పేగుల లోపలి పొర వాటివల్ల దెబ్బతింటే, పాలలో మిగిలి ఉన్న వైరస్ లోపలికి చేరడం సులువవుతుంది. అమ్మమ్మకు హెచ్‌ఐవీ మాట చెప్పలేని ఇంట్లో, ఆరు నెలలూ తల్లిపాలే పట్టమని డాక్టర్ గారు ఆన పెట్టారని చెబితే చాలు. ఏ బిడ్డకైనా వైద్యులు చెప్పేది అదే. అన్నప్రాశన తర్వాత ఇతర ఆహారంతో పాటు తల్లిపాలు కొనసాగించవచ్చు.

ఆరో వారంలో బిడ్డ మడమ నుంచి కొన్ని రక్తపు చుక్కలు తీసి పరీక్షకు పంపుతారు. వైరస్‌ను ఎదుర్కొనేందుకు తల్లి ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలు బిడ్డ ఒంట్లో చాలా నెలలు నిలుస్తాయి కనుక, వాటినే వెతికే, పెద్దలకు చేసే మామూలు పరీక్షను ఈ వయసులో నమ్మడానికి లేదు. తర్వాత 6, 12, 18 నెలలకు మళ్లీ పరీక్షలుంటాయి. మొదటిది పుట్టింట్లో ఉండగా జరిగినా, మిగతావి అత్తింటికి చేరాక వస్తాయి కాబట్టి, చంటిబిడ్డతో తిరుగు ప్రయాణమయ్యే ముందు ఏఆర్‌టీ కేంద్రంలో మళ్లీ కాగితాలు మార్పించుకుని, బిడ్డ కార్డు మీద తర్వాతి పరీక్ష తేదీ రాయించుకోవాలి. సందేహం వస్తే 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి అడగవచ్చు.