జెట్ స్కీ విద్యుత్ పాఠాలు – 4: బటన్ నొక్కినా బండి పలకకపోతే

గత పాఠంలో మల్టీమీటరుతో వోల్టులు, ఓములు కొలవడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ మీటరుకు అసలు పని చెబుదాం. బటన్ నొక్కితే సెల్ఫ్ (ఇంజనును తిప్పి లేపే స్టార్టరు మోటారు) తిరగకపోవడం ఒక జబ్బు. సెల్ఫ్ బాగానే తిరుగుతున్నా ఇంజను అందుకోకపోవడం ఇంకో జబ్బు. ఒకదాని మందు మరోదానికి వాడితే డబ్బు పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. బైకుల పనిలో చేయి తిరిగినవారు కూడా జెట్ స్కీ (నీటి మీద నడిపే చిన్న మోటారు బండి) దగ్గరకు వచ్చేసరికి ముందు బ్యాటరీ, తర్వాత ప్లగ్గులు, ఆ తర్వాత సీడీఐ (ప్లగ్గుల స్పార్కును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) వరసగా మార్చుకుంటూ పోవడం నేను చూస్తూనే ఉన్నాను. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట ఉప్పునీటిలో తిరిగే బండిలో భాగాల కన్నా ముందు వాటి మధ్య అతుకులు పాడవుతాయి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ మోటార్లు చూసేవారికి ఈ సంగతి కొత్త కాదు. కాబట్టి ఏ భాగాన్నైనా మార్చే ముందు దానికి కరెంటు చేరుతోందో లేదో కొలవండి. ఈ పాఠంలో నేను చెప్పదలచింది ఇదే.

పానా పట్టే ముందు ఒక్క జాగ్రత్త. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది. అది పడవ అడుగున పేరుకుని కూర్చుంటుంది. సీటు తీసి, గాలి బాగా ఆడేదాకా ఆగండి. వాసన పోలేదంటే ఆ రోజు విద్యుత్ పరీక్ష వద్దు, ముందు పెట్రోలు ఎక్కడ కారుతోందో వెతకండి. స్క్రూడ్రైవరుతో రిలే (బటన్ నొక్కగానే సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చు) రెండు బోల్టులనూ కలిపి సెల్ఫ్ కొట్టే అలవాటు చాలామందికి ఉంది. రోడ్డు మీద బండికి అది ఎలాగో చెల్లిపోతుంది. మూసినట్టుండే ఈ పడవ గదిలో ఆ ఒక్క నిప్పురవ్వ ప్రాణం తీయగలదు. ఆ పని ఎన్నటికీ చేయకండి.

ఇక బటన్ ఒకసారి నొక్కి, చెవి పెట్టి వినండి. అసలు చప్పుడే లేదా? ఒక్క 'టిక్' మని ఆగిందా? టిక్ టిక్ టిక్ అని వరసగా కొట్టుకుంటోందా? ఈడ్చుకుంటూ తిరుగుతోందా? చురుగ్గా తిరిగినా అందుకోవడం లేదా? ఈ అయిదింటిలో ఏది జరిగిందో పుస్తకంలో రాసుకోండి. ఎటు వెళ్లాలో సగం అక్కడే తేలిపోతుంది.

చప్పుడే లేకపోతే ముందు చూడాల్సింది మణికట్టు తాడు, అంటే నడిపేవారు పడిపోతే ఇంజనును ఆపేసే తాడు. యమహా లాంటి బండ్లలో స్టాప్ స్విచ్ కింద క్లిప్పు సరిగ్గా కూర్చోవాలి. సీ-డూ బండ్లలో తాడు చివరి టోపీని బండి గుర్తుపడితే రెండు పొట్టి బీపులు వినిపిస్తాయి, చదవలేకపోతే ఒక పొడవాటి బీపు వస్తుంది. టోపీ లోపల, అది కూర్చునే గుబ్బ మీద ఉప్పు పేరుకున్నా చదవలేదు. మంచినీళ్లతో కడిగి, తుడిచి మళ్లీ పెట్టండి. ఆ తర్వాత ఫ్యూజు. పైకి బాగానే కనిపించే ఫ్యూజుకు కాళ్ల దగ్గర చిలుము పట్టి ఉండవచ్చు కాబట్టి కళ్లను నమ్మకుండా మీటరుతోనే చూడండి.

వరసగా టిక్ టిక్ అంటే చాలావరకు బ్యాటరీ దిగిపోయినట్టే. నిండుగా ఛార్జయి, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 నుంచి 12.8 దాకా చూపాలి. 12.4 దగ్గర ఉంటే ఛార్జరు పెట్టాల్సిందే. రోహిణి కార్తె ఎండల్లో రేకుల షెడ్డులో వదిలేసిన బ్యాటరీ వాడకపోయినా త్వరగా దిగిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు, వాయుగుండాలు కాబట్టి బండ్లు కదలవు. ఆ నెలల తర్వాత మొదటిసారి బటన్ నొక్కేవారికి ఈ టిక్ టిక్ ఎక్కువగా ఎదురవుతుంది. ఛార్జరును బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటు దగ్గర పెట్టండి. 19 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 2 ఆంపియర్లు చాలు. అంతకు మించి తొందర వద్దు.

అయితే నిలబడి ఉన్న బ్యాటరీ 12.7 చూపించినంత మాత్రాన అది బాగున్నట్టు కాదు. మీటరు తీసుకునే కరెంటు అణువంత. సెల్ఫ్ మోటారు తీసుకునేది పదుల ఆంపియర్లు. అసలు బలం మోటారు లాగుతున్నప్పుడే బయటపడుతుంది. మీటరు రెండు మొనలనూ బ్యాటరీ సీసపు కొమ్ముల మీదే ఆనించండి, కేబుల్ కొసన ఉండే బిళ్లల మీద కాదు. ఇంకొకరిని బటన్ నొక్కమనండి. ఆ క్షణంలో అంకె 10 పైన నిలబడితే బ్యాటరీని వదిలేయండి. 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీనే అనుమానించండి. బటన్ ఒకసారికి అయిదు సెకన్లు మించి నొక్కకండి, మళ్లీ నొక్కే ముందు మోటారును చల్లారనివ్వండి.

ఇప్పుడు ఈ పాఠంలో నాకు బాగా ఇష్టమైన పరీక్ష. కొత్తపట్నం నుంచి ఒక బండి వచ్చింది. బటన్ నొక్కితే ఒక్క టిక్, అంతే. బ్యాటరీ కొత్తది, రిలే కూడా కొత్తదే. నొక్కినప్పుడు బ్యాటరీ కొమ్ముల మధ్య 12.4 ఉంది, దాదాపు పడలేదు. ఇదే ఆధారం. బ్యాటరీ బలంగా ఉండి, మోటారు తిరగక, వోల్టులు పడలేదంటే కరెంటు ఎక్కడో ఆగిపోతోందన్న మాట. మీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్ కొమ్ము మీద, రెండోదాన్ని ఇంజను బాడీలో గీకి మెరిపించిన చోట పెట్టి మళ్లీ నొక్కించాం. దారి శుభ్రంగా ఉంటే అక్కడ 0.2 వోల్టులు కూడా కనబడకూడదు. ఎనిమిదికి పైగా చూపింది. అంటే మోటారుకు చేరాల్సిన వోల్టుల్లో చాలా భాగాన్ని, బ్యాటరీ నెగటివ్‌ను ఇంజను బాడీకి కలిపే ఎర్తు తీగే మింగేస్తోంది.

ఆ ఎర్తు తీగ బోల్టు చేత్తో కదపబోతే కదల్లేదు, పైన బిళ్ల తళతళలాడుతోంది. విప్పి తిరగేస్తే అడుగున పచ్చటి పొడి. తీగ మీది రబ్బరు తొడుగును బ్లేడుతో చీరితే లోపలి రాగి పోగులు రెండు వేళ్ల పొడవున నల్లబడి, గోటితో గీరితే రాలిపోయాయి. తడి బిళ్ల దగ్గర దూరి, పోగుల సందుల్లోంచి లోపలికి పాకింది. ఇలాంటి తీగకు గరుకు కాగితం రుద్ది బిగిస్తే వారం తిరక్కుండానే మళ్లీ అదే కథ. మంచి రాగి కనిపించేదాకా కత్తిరించండి, పొడవు చాలకపోతే కొత్త తీగ వేయండి. పూత పూసిన పోగులున్న, పడవలకని చేసే తీగ దొరికితే అదే వాడండి. బిళ్లను ప్రెస్ చేయించి, జిగురు ఉన్న ముడుచుకునే గొట్టం తొడిగి వేడి చేయండి. బిగించాక పైన డైఎలక్ట్రిక్ గ్రీజు పూయండి. గ్రీజు నీటిని ఆపుతుంది కానీ కరెంటును మోయదు, కాబట్టి ముందు లోహానికి లోహం ఆనాలి, ఆ తర్వాతే పూత.

ఇదే పరీక్షను పాజిటివ్ వైపు కూడా చేయండి. బ్యాటరీ పాజిటివ్ కొమ్ముకూ మోటారు బోల్టుకూ మధ్య, బటన్ నొక్కినప్పుడు అర వోల్టు దాటకూడదు. దాటితే అంగుళం అంగుళం వెనక్కి రండి. రిలే పెద్ద బోల్టులు రెండింటి మధ్య, నొక్కక ముందు సుమారు 12 వోల్టులు ఉండాలి. నొక్కగానే అది సున్నా దగ్గరకు పడాలి. టిక్ మన్నా పడలేదంటే రిలే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి. టిక్ కూడా అనకపోతే దాని చిన్న తీగలు రెండింటి మధ్య చూడండి. నొక్కినప్పుడు అక్కడ 12 ఉండి కూడా పలకకపోతే రిలే పోయింది. అక్కడ వోల్టులే రాకపోతే రిలేను విడిచిపెట్టి స్విచ్చు వైపు నడవండి.

ఒక మినహాయింపు. అన్నీ సరిగ్గా ఉండి, బటన్ నొక్కగానే 'ధబ్' మని ఆగిపోతే ఇంజనులో నీళ్లు చేరి ఉండవచ్చు. బండి నీళ్లలో బోల్తా పడితేనో, తాళ్లతో లాక్కొచ్చినప్పుడో ఇలా జరుగుతుంది. మళ్లీ మళ్లీ నొక్కితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి పోనివ్వండి.

ఇక రెండో జబ్బు. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. చురుగ్గా అన్న మాట గట్టిగా పట్టుకోండి. చాలా పాత టూ-స్ట్రోక్ బండ్లలో ప్లగ్గుకు కావలసిన విద్యుత్తును ఇంజను తిరుగుడే పుట్టిస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉండి ఇంజను మెల్లగా తిరిగితే స్పార్కు కూడా నీరసిస్తుంది. చూసేవారికి సీడీఐ పోయినట్టే ఉంటుంది. అందుకే మొదటి సగం పూర్తిచేయకుండా ఇక్కడికి రావద్దంటున్నాను.

ప్లగ్గులు తీసి చూడండి. ఎండిపోయి ఉంటే ఇది మన పాఠం కాదు, పెట్రోలు రావడం లేదు. పెట్రోలుతో తడిసి ఉంటే స్పార్కు లేదు, లేదా బలహీనంగా ఉంది, లేదా ఇంజనులోకి పెట్రోలు మరీ ఎక్కువగా వచ్చింది. స్పార్కు చూడటానికి ప్లగ్గును సిలిండరు తలకు ఆనించే పద్ధతి మానేసి, వందల రూపాయల్లో దొరికే స్పార్క్ టెస్టరు కొనుక్కోండి. ప్లగ్గు రంధ్రాలకు గుడ్డ అడ్డం పెట్టండి. పరీక్షలో లేని ప్లగ్గు తీగను ఎర్తుకు తగిలించి ఉంచండి, గాలిలో వేలాడదీస్తే సీడీఐకి దెబ్బ. కొన్ని బండ్లలో ఇందుకోసమే ప్రత్యేకంగా గుబ్బలుంటాయి.

ఒక సిలిండరుకే స్పార్కు లేకపోతే పని తేలిక. వేరువేరు కాయిళ్లుంటే (ప్లగ్గుకు ఎక్కువ వోల్టులు ఇచ్చేవి) రెండింటినీ ఒకదాని చోటికి ఒకటి మార్చండి. తప్పు కాయిలుతో పాటు వెళ్లిందా, సిలిండరు దగ్గరే ఉండిపోయిందా? వెళితే కాయిలు. ఉండిపోతే ప్లగ్గు, లేదా ఆ చోట కాయిలుకు వచ్చే తీగ. కాయిలును అనేముందు ప్లగ్గు టోపీని కొలవండి. రెసిస్టరు ఉన్న టోపీ సాధారణంగా 5 వేల ఓముల దగ్గర చూపుతుంది. మరలా తిప్పి ఊడదీసే టోపీ అయితే లోపల పచ్చబడిన తీగ కొసను కొద్దిగా కత్తిరించి, తాజా రాగికి మళ్లీ తిప్పి ఎక్కించండి.

రెండు సిలిండర్లకూ స్పార్కు లేకపోతే స్టాప్ స్విచ్ వైపు చూడండి. చాలా పాత టూ-స్ట్రోకుల్లో స్టాప్ బటన్ స్పార్కును ఎర్తు చేసి చంపుతుంది. స్విచ్చులో ఉప్పు తడి చేరితే, ఎవరూ నొక్కకుండానే ఆ పని జరిగిపోతుంటుంది. స్టాప్ తీగ కప్లరు (తీగలను కలిపే ప్లాస్టిక్ జోడు) విప్పి టెస్టరు చూడండి. స్పార్కు వచ్చిందా, దొంగ దొరికాడు. కప్లరు విప్పి ఉండగా ఇంజనును మాత్రం స్టార్టు చేయకండి, ఆపే దారి ఉండదు. అప్పటికీ రాకపోతే పికప్ కాయిలు (స్పార్కు ఎప్పుడు రావాలో చెప్పేది), స్టేటరు (ఇంజను తిరుగుడుతో విద్యుత్తు పుట్టించేది) ఓములను ఆ మోడల్ సర్వీసు పుస్తకంలోని అంకెలతో పోల్చండి. సీడీఐ అన్నిటికన్నా చివర.

బాగుచేసిన బండిని గట్టు మీద స్టార్టు చేస్తే నీళ్ల పైపు లేకుండా 15 సెకన్లకు మించి నడపకండి. పైపు పెడితే, ముందు ఇంజను, తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజను.

వచ్చే పాఠం స్టేటరు, రెక్టిఫయరు, ఛార్జింగు గురించి. దానికి ముందు మీ బండి మీద మూడు అంకెలు కొలిచి తేదీతో రాసిపెట్టుకోండి: నిలబడి ఉన్నప్పటి బ్యాటరీ వోల్టులు, బటన్ నొక్కినప్పటి వోల్టులు, నొక్కినప్పుడు నెగటివ్ కొమ్ముకూ ఇంజను బాడీకీ మధ్య వోల్టులు. బండి బాగా నడుస్తున్నప్పుడే కొలవండి. అది మొరాయించిన రోజున పోల్చి చూడటానికి అవి కావాలి.