జామ్, మార్మలేడ్, ప్రిజర్వ్: చక్కెర ఎప్పుడు వేయాలి?

ఇంట్లో జామ్ చేసేటప్పుడు చాలామంది పొరపడేది కొలతల్లో కాదు, చక్కెర వేసే సమయంలో. పండును సన్నని సెగ మీద కుతకుతమంటూ మెత్తబడేదాకా ఉడికించడం ఒక పని. చక్కెర కరిగాక పెద్ద మంట మీద త్వరత్వరగా దగ్గర పడనివ్వడం మరొక పని. ఈ రెండింటినీ కలిపేస్తే ముక్కలు గట్టిగానే మిగిలిపోతాయి, రంగు నల్లబడుతుంది, పండు వాసన పోతుంది.

జామ్ గడ్డకట్టాలంటే పండులో సహజంగా ఉండే పెక్టిన్ అనే పీచు పదార్థం, పులుపు, చక్కెర తగుపాళ్లలో కలవాలి. పులుపు ఉన్నచోట చక్కెర నీటిని పట్టేసుకుంటే, పెక్టిన్ పోగులు ఒకదానితో ఒకటి అల్లుకుని రసాన్ని వలలా నిలిపి ఉంచుతాయి. ఆపిల్, జామపండు, నారింజ జాతి పండ్లలో పెక్టిన్ బాగా ఉంటుంది. స్ట్రాబెర్రీ, పీచ్, అనాసలలో తక్కువ. పండు మరీ మగ్గితే పెక్టిన్ తగ్గుతుంది కనుక, మూడు వంతులు పండినవి, ఒక వంతు దోరవి తీసుకోవడం మంచిది.

కిలో పండ్ల ముక్కలకు 750 గ్రాముల నుంచి కిలో వరకు చక్కెర పడుతుంది. పులుపు తక్కువైన పండ్లయితే రెండు పెద్ద చెంచాల నిమ్మరసం కలపాలి. తయారైన జామ్‌లో చక్కెర వంతు దాదాపు 65 శాతం ఉంటేనే అది చాలాకాలం నిలుస్తుంది. తీపి తగ్గించి చేసినదాన్ని ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా వాడేయాలి. పుల్లటి రసం అల్యూమినియంతో చర్య జరుపుతుంది కాబట్టి, వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె వాడాలి. గిన్నె సగానికి మించి నింపకూడదు, ఎందుకంటే చక్కెర వేశాక జామ్ బాగా పొంగుతుంది.

మెత్తబడిన పండులో చక్కెర వేసి, అడుగున ఒక్క పలుకు కూడా మిగలకుండా సన్నని మంట మీద కరిగించాక, మంట పెంచాలి. మొదట తెల్లటి నురగతో బుడగలు పైపైకి లేస్తాయి. కాసేపటికి నురగ అణిగి, బుడగలు పెద్దవై, బరువుగా, టపటపమంటూ పగులుతాయి. గరిటె ఎత్తి వంచితే విడివిడిగా జారే చుక్కలు అంచు దగ్గర ఒకదానితో ఒకటి కలిసి పొరలా వేలాడతాయి. అప్పుడు మంట ఆపి, ముందే ఫ్రిజ్‌లో చల్లబరచిన పళ్లెం మీద ఒక చుక్క వేసి, నిమిషం తరువాత వేలితో నెట్టి చూడాలి. పైపొర ముడతలు పడితే పాకం కుదిరినట్టే. థర్మామీటర్ ఉంటే, సముద్రమట్టానికి దగ్గరి ప్రాంతాల్లో 104 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ చూపాలి. ఎత్తైన ప్రాంతాల్లో నీరు తక్కువ వేడికే మరుగుతుంది కనుక, అక్కడ నీరు మరిగే వేడికి 4 డిగ్రీలు కలిపి లెక్క చూసుకోవాలి. ఇంకా ఉడికిస్తే మరింత గట్టిపడుతుందనుకోవడం సరికాదు. ఎక్కువసేపు మరిగితే పెక్టిన్ విరిగిపోతుంది.

నారింజ తొక్క ముక్కలతో చేసే మార్మలేడ్‌కు మరింత ఓపిక కావాలి. నేను మొదటిసారి చేసినప్పుడు నారింజ తొక్కనూ చక్కెరనూ కలిపి పొయ్యి మీద పెట్టాను. గంటల తరబడి ఉడికినా ముక్క పంటికింద తోలులా సాగింది. చక్కెర తగిలిన తొక్క ఆపైన మెత్తబడదు. కిలో నారింజలకు రెండు లీటర్ల నీరు పోసి, సన్నగా తరిగిన తొక్కను, రసాన్ని రాత్రంతా నాననివ్వాలి. గింజల్లో, తెల్లటి లోపలి పొరలో పెక్టిన్ ఎక్కువ కనుక, వాటిని పలచటి గుడ్డలో మూటకట్టి అందులోనే వేయాలి. తొక్క రెండు వేళ్ల మధ్య సులువుగా నలిగేదాకా, అంటే సుమారు రెండు గంటలు ఉడికించి, మూటను గట్టిగా పిండి, ఆ తరువాతే చక్కెర కలపాలి.

పండు ముక్కలు ముక్కలుగానే ఉండే ప్రిజర్వ్ విషయంలో, ముక్కను మెత్తబడనివ్వని చక్కెర గుణమే మనకు ఉపకరిస్తుంది. ముక్క చెదరకుండా నిలవాలి కాబట్టి, మెత్తటి పండ్ల మీద ముందే చక్కెర చల్లి రాత్రంతా ఉంచితే, రసం ఊరి, ముక్క బిగిసి, ఉడికినా ఆకారం కోల్పోదు.

సీసాలను 10 నిమిషాలు మరిగే నీటిలో ఉంచి, అవి వేడిగా ఉండగానే వేడి జామ్ నింపాలి. మార్మలేడ్‌ను మాత్రం 10 నిమిషాలు ఆగి, ఒకసారి కలిపి నింపితే తొక్క పైకి తేలదు. పైన 6 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, అంచు తుడిచి, మూత బిగించి, సీసా మునిగేంత మరిగే నీటిలో మరో 10 నిమిషాలు ఉంచాలి. తెరిచిన సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి. బూజు కనబడితే పైపొర తీసి మిగతాది తినకూడదు, సీసా మొత్తం పారవేయాలి.

చల్లారిన రోజే పలచగా ఉందని కంగారుపడకండి. మార్మలేడ్ గడ్డకట్టడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. అప్పటికీ జారుగానే ఉంటే, కొద్దిగా నిమ్మరసం చేర్చి మళ్లీ మరిగించి, చల్లటి పళ్లెం మీద మరోసారి పరీక్షించి చూసుకోవచ్చు.