బేరింగు కంపనాలను కంప్యూటర్‌లో సృష్టించడం ఎలా?

రోలింగ్ బేరింగు (రెండు రింగుల మధ్య గోళీలు దొర్లుతూ షాఫ్ట్‌ను తేలిగ్గా తిరగనిచ్చే భాగం) కంపనాన్ని కంప్యూటర్‌లో సృష్టించాలనుకునేవారిలో కొందరు మొదటే వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. లోపాన్ని పసిగట్టే పద్ధతులను పరీక్షించుకోవడమే ఉద్దేశమైతే అంత బరువు తలకెత్తుకోనక్కరలేదు. రింగు మీద గుంట పడితే, గోళీ దాన్ని దాటినప్పుడల్లా ఒక దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బలు ఏ క్షణాల్లో పడతాయి, ఒక్కొక్కటి ఎంత గట్టిగా పడుతుంది, ఆ దెబ్బకు యంత్రం ఎలా మోగుతుంది అనే మూడు సంగతులు సరిగా రాసుకుంటే పైథాన్‌లోనో మాట్‌ల్యాబ్‌లోనో చిన్న ప్రోగ్రాము చాలు.

ముందుగా కొలతలు. 6205 బేరింగును తీసుకుందాం; కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం అందరికీ అందుబాటులో ఉంచిన కంపన నమోదుల్లో ఈ రకం బేరింగు ఉంది కాబట్టి తరువాత పోల్చి చూసుకోవచ్చు. ఇందులో గోళీలు 9, గోళీ వ్యాసం 7.94 మి.మీ., గోళీల కేంద్రాలు తిరిగే వృత్తం వ్యాసం 39.04 మి.మీ., స్పర్శ కోణం (గోళీ రెండు రింగులను తాకే చోట్లను కలిపే గీత, షాఫ్ట్‌కు లంబంగా ఉన్న దిశ నుంచి ఎంత వాలిందో చెప్పేది) సున్నా. మొదటి వ్యాసాన్ని రెండోదానితో భాగిస్తే 0.2034 వస్తుంది. స్పర్శ కోణం ఉన్న బేరింగైతే దీన్ని ఆ కోణం కొసైన్‌తో గుణించాలి. 1 నుంచి దీన్ని తీసివేసి గోళీల సంఖ్యలో సగంతో గుణిస్తే 3.585, 1కి కలిపి గుణిస్తే 5.415 వస్తాయి. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోగా బయటి రింగు మీది గుంట వద్ద, లోపలి రింగు మీది గుంట వద్ద పడే దెబ్బలు వరుసగా ఇవి. నిమిషానికి 1800 చుట్ల వేగంలో, అంటే 30 హెర్ట్జ్ వద్ద, ఇవి 107.5, 162.5 హెర్ట్జ్ అవుతాయి.

దెబ్బలన్నిటి మధ్య సమానమైన విరామం పెట్టేయడం దగ్గరే చాలా ప్రోగ్రాములు దారి తప్పుతాయి. గోళీలు దొర్లుతూనే కాస్త జారుతుంటాయి కాబట్టి ప్రతి విరామానికీ 1 శాతం ప్రామాణిక విచలనంతో యాదృచ్ఛికమైన తేడా ఇచ్చి, దాన్ని ముందరి దెబ్బ పడిన క్షణానికి కూడుతూ పోవాలి. జారిన గోళీ పోయిన సమయాన్ని తిరిగి సర్దుకోదు గనుక సమాన దూరంలో ఉన్న క్షణాల చుట్టూ చెదరగొడితే సరిపోదు. ఇంత చిన్న తేడా ఏం చేస్తుందో లెక్క కట్టి చూడండి. 107.5 హెర్ట్జ్ వద్ద విరామం 9.3 మిల్లీసెకన్లు, అందులో 1 శాతం 0.093 మిల్లీసెకను. దెబ్బకు యంత్రం సహజంగా మోగే పౌనఃపున్యం, అంటే అనునాదం, 3000 హెర్ట్జ్ వద్ద ఉంటే అక్కడ ఒక్క డోలనానికి పట్టేది 0.333 మిల్లీసెకనే, అంటే తేడా డోలనంలో పావు వంతు దాటిపోయింది. అందువల్ల ఆ ప్రాంతంలో స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే పటం) గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఎన్వలప్ (కంపనం శిఖరాలను తాకుతూ సాగే అంచు గీత) స్పెక్ట్రమ్‌లో మాత్రం 107.5 స్పష్టంగా నిలుస్తుంది.

దెబ్బ బలం గుంట ఉన్న చోటి భారాన్ని బట్టి ఉంటుంది. బయటి రింగు కదలదు కాబట్టి దాని మీది దెబ్బలన్నీ దాదాపు సమానమే. లోపలి రింగు మీది గుంట షాఫ్ట్‌తో పాటు భారం ఉన్న వైపుకు వచ్చి పోతుంటుంది. రేడియల్ క్లియరెన్స్ (గోళీలకూ రింగులకూ మధ్య ఉండే వదులు) సున్నా అనుకుంటే, భారం దిశ నుంచి గుంట ఎంత కోణంలో ఉందో ఆ కోణం కొసైన్‌ను 1.5 ఘాతానికి హెచ్చించి దెబ్బ బలంగా తీసుకోవచ్చు. 90 డిగ్రీలు దాటితే సున్నా.

ప్రతి దెబ్బకూ 3000 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని 0.05 డ్యాంపింగ్ నిష్పత్తితో (మోత ఎంత త్వరగా చల్లారుతుందో చెప్పే సంఖ్య) క్షీణింపజేస్తే, తరువాతి దెబ్బ పడేలోగా అది పూర్తిగా సద్దుమణుగుతుంది. శాంప్లింగ్, అంటే సంకేతం విలువను లెక్కించి నమోదు చేయడం, సెకనుకు 20,000 సార్లకు తగ్గకూడదు. దెబ్బ క్షణాన్ని దగ్గరలోని శాంపిల్‌కు జరపకుండా అసలు క్షణం నుంచే తరంగాన్ని లెక్కించండి, ఎందుకంటే శాంపిళ్ల మధ్య ఎడం 0.05 మిల్లీసెకను, మనం ఇంత శ్రమపడి పెట్టిన తేడా దానికి రెండింతలైనా లేదు. చివరగా షాఫ్ట్ అసమతుల్యత కోసం 30 హెర్ట్జ్ తరంగం, కొంత రొద కలపాలి.

పరీక్షించడానికి కనీసం 2 సెకన్ల సంకేతం తీసుకుని, 2000–4000 హెర్ట్జ్ మధ్య వడకట్టి, హిల్బర్ట్ పరివర్తనతో ఎన్వలప్ తీసి, సగటును తొలగించి స్పెక్ట్రమ్ గీయండి. లోపలి రింగు లోపానికి 30 వద్ద, 162.5 వద్ద, దానికి అటూ ఇటూ 132.5, 192.5 వద్ద శిఖరాలు కనిపించాలి. వడకట్టని స్పెక్ట్రమ్‌లో 3000 దగ్గర కూడా గీతలు దువ్వెన పళ్లలా విడివిడిగా నిలిస్తే, జారుడు కోసం రాసిన భాగం పనిచేయడం లేదన్నమాట.

క్లియరెన్స్, భారం, వేగం మారితే ఏమవుతుందో తెలియాలంటే ఈ నమూనా చాలదు. అప్పుడు ఒక్కో గోళీ వద్ద బలం నొక్కుడు లోతు 1.5 ఘాతానికి అనుపాతంలో ఉంటుందన్న నియమంతో (హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త పేరున్నది) చలన సమీకరణాలు రాసి సాధించాలి. లోపం లేని బేరింగు కూడా ఆ కొత్త నమూనాలో 107.5 హెర్ట్జ్ వద్ద కంపిస్తుంది. భారం మోసే గోళీల అమరిక క్షణక్షణం మారడమే అందుకు కారణం, కాబట్టి ఆ శిఖరాన్ని చూసి లోపమని తేల్చకుండా ముందు లోపం లేని బేరింగు ఫలితాన్ని పక్కన పెట్టుకుని పోల్చాలి.