వైద్య జర్నళ్ల ప్రభావాన్ని సైటేషన్లతో లెక్కగట్టే విధానం

ఒక వైద్య జర్నల్ ప్రభావాన్ని సైటేషన్లతో, అంటే దాని వ్యాసాలను ఇతర వ్యాసాలు ఎన్నిసార్లు ఉదహరించాయన్న లెక్కతో కొలవాలనుకునేవారు అంకెల జోలికి వెళ్లకముందే ఆ కొలత దేనికోసమో స్పష్టంగా రాసిపెట్టుకోవాలి. గ్రంథాలయంలో ఏ చందాలు కొనసాగించాలో తేల్చడానికి చేసే లెక్క వేరు. వ్యాసాన్ని ఏ జర్నల్‌కు పంపాలో నిర్ణయించుకోవడానికి చేసే లెక్క వేరు. గత పదేళ్లలో తమ జర్నల్ ఎటు వెళ్లిందో ఒక సంపాదకవర్గం పరిశీలించుకోవడానికి చేసే లెక్క ఇంకా వేరు. ఒకే జర్నల్‌కు ఈ మూడు లెక్కల్లో మూడు రకాల జవాబులు వచ్చినా ఆశ్చర్యపోవలసింది లేదు. ఒక వైద్యుడి లేదా పరిశోధకురాలి పనితనాన్ని అంచనా వేయడమే ఉద్దేశమైతే మాత్రం ఈ దారి పట్టకపోవడమే మంచిది. జర్నల్ సగటును బట్టి ఆ జర్నల్‌లోని ఏ ఒక్క వ్యాసం గురించీ నమ్మకంగా మాట్లాడలేం. ఎందుకో కింది లెక్కలోనే తెలుస్తుంది.

నిజానికి ఈ పద్ధతి గ్రంథాలయాల అవసరం కోసమే పుట్టింది. 1927లో అమెరికాలోని పొమోనా కళాశాలకు చెందిన గ్రాస్, గ్రాస్ అనే ఇద్దరు ఒక రసాయనశాస్త్ర జర్నల్‌లోని వ్యాసాలు ఏయే జర్నళ్లను ఎన్నిసార్లు ఉదహరించాయో లెక్కపెట్టి, చిన్న కళాశాల గ్రంథాలయాలు వేటిని తెప్పించుకోవాలో సూచించారు. 1955లో యూజీన్ గార్‌ఫీల్డ్ సైన్స్ పత్రికలో సైటేషన్ సూచిక ఆలోచనను ప్రతిపాదించారు. ఆ తర్వాతి దశకంలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్, 1975లో జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్ వెలువడ్డాయి. ఈ రిపోర్టులను ఇప్పుడు క్లారివేట్ సంస్థ ఏటా విడుదల చేస్తోంది. చందాల ఎంపికకు పుట్టిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే అంకె నియామకాల, పదోన్నతుల ఫైళ్లలోకి ఎక్కడం తర్వాతి కథ, అది అంత గొప్పగా చెప్పుకోదగ్గ కథ కూడా కాదు.

లెక్క మొదలుపెట్టాలంటే ముందు డేటాబేస్‌ను ఎంచుకోవాలి. వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ చందాతో దొరుకుతాయి. గూగుల్ స్కాలర్ ఉచితమే గాని, అందులో థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టినవి), జర్నల్ కాని పత్రాలు కూడా కలిసిపోతాయి కాబట్టి అంకెలు పెద్దవిగా కనిపిస్తాయి, పైగా ఏది ఎక్కడినుంచి వచ్చిందో విడదీయడం కష్టం. 2022లో మొదలైన ఓపెన్‌అలెక్స్ మొత్తం డేటాను ఉచితంగా దించుకోవచ్చు. వైద్య వ్యాసాలకు మాత్రమే పరిమితమైతే, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నడిపే ఐసైట్ చాలా ఉపయోగపడుతుంది. వైద్య వ్యాసాల సూచిక అయిన పబ్‌మెడ్‌లో ఉన్న వ్యాసాల సైటేషన్లను అది ఉచితంగా ఇస్తుంది. ఏ డేటాబేస్‌ను ఎంచుకున్నా ఒక నియమం తప్పకూడదు: లవం, హారం రెండూ ఒకే చోటినుంచి రావాలి. స్కోపస్‌లో సైటేషన్లు తీసుకుని వెబ్ ఆఫ్ సైన్స్‌లోని వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

తర్వాత జర్నల్ గుర్తింపును సరిచూసుకోవాలి. ఇది విసుగు పుట్టించే పనే, కాని ఇక్కడ జరిగే పొరపాట్లు చివరిదాకా వెంటాడతాయి. ఆర్కైవ్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ 2013లో జామా ఇంటర్నల్ మెడిసిన్‌గా మారింది. పదేళ్లకు పైబడిన ధోరణిని చూసేవారు రెండు పేర్లనూ కలపకపోతే జర్నల్ ఆ ఏడాదే పుట్టినట్టు కనిపిస్తుంది. లాన్సెట్ అని వెతికితే లాన్సెట్ ఆంకాలజీ వంటి సోదర జర్నళ్లు కూడా వచ్చి పడతాయి. అందువల్ల పేరుతో కాకుండా, ప్రతి జర్నల్‌కు విడిగా ఇచ్చే ఐఎస్ఎస్ఎన్ అనే గుర్తింపు సంఖ్యతో వెతకాలి. ముద్రిత సంచికకు, ఆన్‌లైన్ సంచికకు వేర్వేరు సంఖ్యలు ఉంటాయని గుర్తుంచుకుని రెండింటినీ చేర్చాలి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సూత్రం చిన్నదే: ఒక జర్నల్ గత రెండేళ్లలో ప్రచురించినవాటికి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను, ఆ రెండేళ్లలో వెలువడిన పరిశోధన వ్యాసాల, సమీక్షా వ్యాసాల సంఖ్యతో భాగించాలి. ఒక ఊహాజనిత జర్నల్‌ను తీసుకుందాం. అది 2022లో 120, 2023లో 130 వ్యాసాలు ప్రచురించింది, కాబట్టి హారం 250. ఇవికాక సంపాదకీయాలు, పాఠకుల లేఖలు, వార్తా వ్యాఖ్యలు కలిపి మరో 150 ఉన్నాయి. ఈ రెండేళ్ల ప్రచురణలకు 2024లో మొత్తం 1,000 సైటేషన్లు వచ్చాయి. 1,000ని 250తో భాగిస్తే 4.0 వస్తుంది. జర్నల్ తన వెబ్‌సైట్ పైభాగాన వేసుకునే అంకె ఇదే.

ఈ 4.0ను ఒక స్ప్రెడ్‌షీట్‌లో విప్పి చూడాలి. ఒక్కో ప్రచురణకు ఒక్కో వరుస కేటాయించి, శీర్షిక, రకం, వెలువడిన ఏడాది, 2024లో వచ్చిన సైటేషన్లు, వాటిలో అదే జర్నల్ నుంచి వచ్చినవి అనే నిలువు గడులు పెట్టుకుంటే చాలు. మొదట రకాన్ని బట్టి వడగడితే, సంపాదకీయాలకు, లేఖలకు 90 సైటేషన్లు వచ్చాయని తేలిందనుకుందాం. అవి లవంలో ఉన్నాయి, హారంలో లేవు. వాటిని తీసేస్తే 910ని 250తో భాగించగా 3.64 మిగులుతుంది. తర్వాత సైటేషన్ల గడిని పెద్దదానినుంచి చిన్నదానికి వరుస పెడితే, అధిక రక్తపోటు చికిత్సా మార్గదర్శకం ఒక్కటే 300 సైటేషన్లతో పైన కూర్చుని ఉంటుంది. దాన్ని పక్కన పెడితే 610ని 249తో భాగించాలి, అంటే 2.45. ఆ 610లో 110 సైటేషన్లు ఇదే జర్నల్‌లోని ఇతర వ్యాసాలనుంచి వచ్చినవైతే, వాటినీ మినహాయించాక మిగిలేది దాదాపు 2.0. చివరగా 250 వ్యాసాల మధ్యగతం చూస్తే 1, ఒక్క సైటేషన్ కూడా రానివి 70. ఇవన్నీ ఒకే జర్నల్ గురించిన నిజాలే. నా దృష్టిలో 4.0 కన్నా చివరి రెండు అంకెలే ఆ జర్నల్‌లో మామూలు వ్యాసం గతి ఏమిటో ఎక్కువ చెబుతాయి.

ఇలా వంకర తిరిగిన పంపిణీ ఊహాజనిత జర్నల్‌కే పరిమితం కాదు. పర్ సెగ్లెన్ అనే పరిశోధకుడు 1997లో బీఎంజే (బ్రిటిష్ మెడికల్ జర్నల్)లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ప్రకారం, జర్నల్‌కు వచ్చే సైటేషన్లలో సగం కేవలం 15 శాతం వ్యాసాలవే. ఎక్కువ సైటేషన్లు పొందిన సగం వ్యాసాలు మొత్తంలో 90 శాతం తెచ్చిపెడతాయి. దీనికి పరాకాష్ఠ ఆక్టా క్రిస్టలోగ్రాఫికా సెక్షన్ ఎ అనే జర్నల్. దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2008లో దాదాపు 2 ఉండగా 2009లో దాదాపు 50కి ఎగబాకింది. స్ఫటిక నిర్మాణాలను తేల్చే ఒక సాఫ్ట్‌వేర్ చరిత్రను వివరించిన ఒకే ఒక్క వ్యాసాన్ని వేలమంది ఉదహరించడమే కారణం. వైద్య రంగంలో ఏటా పట్టిక అగ్రభాగాన కనిపించే సీఏ: ఏ క్యాన్సర్ జర్నల్ ఫర్ క్లినిషియన్స్ పరిస్థితీ ఇలాంటిదే. అమెరికాలో క్యాన్సర్ గణాంకాల వార్షిక వ్యాసాన్ని క్యాన్సర్ మీద రాసే దాదాపు ప్రతి ఒక్కరూ మొదటి పేరాలోనే ఉదహరిస్తారు కాబట్టి ఆ జర్నల్ అంకె వందల్లో ఉంటుంది. అందులోని గణాంక వ్యాసాలు విలువైనవే. వాటి విలువను పక్క వ్యాసానికి అంటగట్టడమే తప్పు.

హారం విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. ఏది సైటేషన్‌కు అర్హమైన వ్యాసం, ఏది కాదు అన్న వర్గీకరణను సూచిక నడిపే సంస్థే చేస్తుంది. 2006లో పీఎల్ఓఎస్ మెడిసిన్ అనే జర్నల్ సంపాదకులు, తమ ప్రచురణల్లో ఏ రకాలను హారంలో చేరుస్తారన్నదాన్ని బట్టి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 3 కన్నా తక్కువ నుంచి సుమారు 11 దాకా ఎంతైనా కావచ్చని బహిరంగంగా రాశారు. లేఖలు, వ్యాఖ్యలు విరివిగా వేసే పెద్ద జనరల్ మెడికల్ జర్నళ్లకు ఈ తేడా మరింత కలిసివస్తుంది. కాబట్టి రెండు జర్నళ్లను పోల్చేటప్పుడు ఒక్కో రకం వ్యాసాన్ని ఆ రకంతోనే పోల్చాలి: క్లినికల్ ట్రయల్‌ను (రోగులపై చికిత్సను పరీక్షించే అధ్యయనాన్ని) ట్రయల్‌తో, సమీక్షను సమీక్షతో. ఒక్కో రోగి గురించి రాసే కేస్ రిపోర్టులకు సహజంగానే సైటేషన్లు తక్కువ, సమీక్షలకు ఎక్కువ. ఒక జర్నల్ కేస్ రిపోర్టులు మానేసి సమీక్షలు పెంచితే, నాణ్యతలో ఏ మార్పూ లేకుండానే అంకె పెరుగుతుంది.

కాలవ్యవధిని ఎంచుకోవడంలోనూ అంతే. రెండేళ్ల వ్యవధి అంటువ్యాధుల వంటి వేగంగా కదిలే రంగాలకు అనుకూలం. దీర్ఘకాలం రోగులను అనుసరించే అధ్యయనాలు ఎక్కువగా ఉండే రంగాలకు ప్రతికూలం. లాన్సెట్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2020లో సుమారు 79 ఉండగా 2021లో 202 దాటింది, 2023 నాటికి మళ్లీ 100 లోపుకు దిగింది. ఆ మధ్యలో ప్రధాన సంపాదకుడు మారలేదు, ప్రపంచంలో కోవిడ్ వచ్చింది. ఇటువంటి ఏడాదిని ఆధారంగా తీసుకుని ధోరణి గీస్తే గీత తప్పుదారి పట్టిస్తుంది. ఐదేళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను, సైటెడ్ హాఫ్ లైఫ్‌ను కూడా దీనితో కలిపి చూసుకోవాలి. జర్నల్ ఈ ఏడాది పొందిన సైటేషన్లలో సగం ఎన్నేళ్లలోపు వ్యాసాలకు వచ్చాయో రెండోది చెబుతుంది. అది పదేళ్లకు దగ్గరగా ఉంటే రెండేళ్ల లెక్క ఆ జర్నల్‌కు అన్యాయం చేస్తున్నట్టే.

వేర్వేరు వైద్య విభాగాలకు చెందిన జర్నళ్లను నేరుగా పోల్చకూడదు. క్యాన్సర్ రంగంలో రాసేవారూ ఎక్కువ, ఒక్కో వ్యాసం చివర ఇచ్చే ఆధారాలూ ఎక్కువ. చిన్న శస్త్రచికిత్సా విభాగాల్లో రెండూ తక్కువ. అందువల్ల ముడి అంకెకు బదులు ఆ విభాగంలోని పర్సెంటైల్‌ను వాడడం మేలు. లీడెన్‌లో రూపొందిన స్నిప్ అనే కొలమానం రంగంలో సైటేషన్ల అలవాటును బట్టి అంకెను సర్దుతుంది. క్లారివేట్ 2021లో ప్రవేశపెట్టిన జర్నల్ సైటేషన్ ఇండికేటర్‌లో 1 అంటే ఆ విభాగపు ప్రపంచ సగటు. ఐగెన్‌ఫ్యాక్టర్, ఎస్‌జేఆర్ అనే కొలమానాలు మరో మార్గం పట్టాయి: ఎక్కువ ప్రభావమున్న జర్నల్ నుంచి వచ్చిన సైటేషన్‌కు ఎక్కువ బరువు ఇస్తాయి. ఐగెన్‌ఫ్యాక్టర్ జర్నల్ పరిమాణంతో పాటు పెరుగుతుంది కాబట్టి, చిన్న జర్నళ్లకు ఒక్కో వ్యాసానికి సర్దిన ఆర్టికల్ ఇన్‌ఫ్లుయెన్స్ స్కోర్ వాడాలి. గూగుల్ స్కాలర్ చూపే హెచ్5 సూచికదీ (గత ఐదేళ్ల వ్యాసాల్లో ఎన్నింటికి కనీసం అన్నే సైటేషన్లు వచ్చాయో చెప్పే గరిష్ఠ అంకె) అదే ఇబ్బంది. ఎక్కువ వ్యాసాలు వేసే జర్నల్‌కు అది సహజంగానే పెరుగుతుంది. వీటిలో ఏదో ఒకటి గొప్పదని నేననను. రెండు భిన్నమైన కొలమానాలు ఒకే మాట చెబితే నమ్మకం పెరుగుతుంది, భిన్నంగా చెబితే కారణం వెతకాలి.

అక్రమాలను పసిగట్టడానికి, ఎవరు ఎవరిని ఉదహరిస్తున్నారో చూపే పట్టిక తయారుచేయాలి. ఉదహరించే జర్నళ్లను నిలువుగా, ఉదహరింపు పొందిన మీ వ్యాసాల ప్రచురణ ఏడాదులను అడ్డంగా పెట్టండి. ఒక మామూలు జర్నల్ నుంచి వచ్చిన సైటేషన్లు అనేక ఏడాదులమీద పరుచుకుని ఉంటాయి. అలాకాక, ఎక్కడో ఉన్న ఒక జర్నల్‌లోని ఒకే సమీక్షా వ్యాసం మీ జర్నల్‌ను పదులకొద్దీ ఉదహరించి, అవన్నీ సరిగ్గా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కించే రెండేళ్లలోనే పడితే, ఆ వ్యాస రచయితలెవరో, వారికి మీ సంపాదకవర్గంతో సంబంధమేమిటో చూడవలసిందే. స్వీయ సైటేషన్లు కొన్ని ఉండడం తప్పు కాదు. ఒక చిన్న ప్రత్యేక విభాగంలో రెండే జర్నళ్లు ఉంటే తప్పవు కూడా. వాటి వాటా ఉన్నట్టుండి పెరగడమే పరిశీలించవలసిన విషయం.

సైటేషన్ అంటే మెప్పు కాదన్నది వైద్యంలో మరీ ముఖ్యం. టీకాలకు ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ వ్యాసాన్ని 2010లో ఉపసంహరించారు. ఖండించడానికే ఉదహరించినవారు ఎందరో ఉన్నా యంత్రం లెక్కలో ప్రతి ప్రస్తావనా ఒకటే. మీ జాబితాలో పై ఇరవై వ్యాసాలను ఉపసంహరణల సమాచారంతో సరిపోల్చుకోండి. 2025లో వెలువడిన జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్ నుంచి, ఉపసంహరించిన వ్యాసాలకు వచ్చిన, వాటినుంచి వచ్చిన సైటేషన్లను లవంలో లెక్కించడం మానేశారు.

రోగి మంచం పక్కన కనిపించే ప్రభావం వేరే సంగతి. ఒక వ్యాసం చదివి మందు మోతాదు మార్చుకున్న వైద్యుడు ఎక్కడా సైటేషన్ ఇవ్వడు. దాన్ని కొంతైనా పట్టుకోవాలంటే, ఆ జర్నల్ వ్యాసాలు క్లినికల్ ట్రయల్స్‌లో, చికిత్సా మార్గదర్శకాల్లో ఎన్నిసార్లు ఉదహరించబడ్డాయో ఐసైట్‌లో విడిగా చూడవచ్చు. మార్గదర్శకాలు చాలావరకు సంస్థల వెబ్‌సైట్లలోనే ఉండిపోతాయి కాబట్టి, మీ విభాగంలో ముఖ్యమైన నాలుగైదింటి ఆధారాల జాబితాలను చేత్తో లెక్కపెట్టడం శ్రమే గాని వృథా కాదు.

ఫలితాన్ని రాసేటప్పుడు డేటాబేస్ పేరు, శోధించిన తేదీ, వాడిన ఐఎస్ఎస్ఎన్ సంఖ్యలు, చేర్చిన వ్యాసాల రకాలు, కాలవ్యవధి తప్పనిసరిగా ఇవ్వాలి. సగటు పక్కనే మధ్యగతం, సున్నా సైటేషన్ల వాటా, స్వీయ సైటేషన్ల శాతం పెట్టాలి. దశాంశ స్థానాలు ఒకటికి మించనవసరం లేదు. 2023 నుంచి క్లారివేట్ కూడా మూడింటిని ఒకటికి కుదించింది. మీ అంకె అధికారిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో అక్షరాలా సరిపోకపోతే కంగారుపడనక్కర్లేదు. వాళ్లు ఒక తేదీన డేటాను స్తంభింపజేసి లెక్కిస్తారు, ఏ వ్యాసానికీ జతపడని, జర్నల్ పేరు, ఏడాది మాత్రమే సరిపోయిన సైటేషన్లను కూడా చేరుస్తారు. మీరు శోధించే డేటాబేస్ మాత్రం రోజూ పెరుగుతూనే ఉంటుంది. అందుకే దించుకున్న ఫైలును తేదీతో సహా భద్రపరచి, వచ్చే ఏడాది పోలికకు కొత్తగా శోధించినప్పుడు పాత ఏడాదిని కూడా మళ్లీ దించుకుని లెక్కించాలి.